పేజీ కింద పేరు

"హెడర్‌లో నా పేరు తీసేసి ఊరి పేరు పెట్టమని నీకెవరు చెప్పారు?"

అరకు సంతరోజు. అంత రద్దీలోనూ భాస్కరరావు గొంతు జిరాక్సు షాపులోంచి రోడ్డు దాకా వినిపించింది. కంప్యూటర్ ముందున్న వెన్నెల తలెత్తలేదు.

"నేనే సెప్పినాను బాబూ" అంది వెనక బెంచీ మీంచి యర్రమ్మ.

కొండ మీది జీలుగుపుట్టు అనే ఊరి నుంచి దిగొచ్చిన యర్రమ్మకి అక్షరం ముక్క రాదు. అయితేనేం, సామలు, చోళ్లు, కొర్రలు, కందులు కలిపి నలభై రెండు రకాల విత్తనాల గుణాలు ఆవిడకి నోటికొచ్చు. ఆవిడ చెప్పింది, ఊళ్లో ఆడవాళ్లు సరిదిద్దారు, వెన్నెల టైపు చేసింది. డెబ్బై పేజీల పుస్తకమైంది. రిటైరైన లెక్చరరు భాస్కరరావు చేసిందల్లా సెల్‌ఫోనులో రికార్డు బొత్తాం నొక్కడమే. అట్ట మీద పేరు మాత్రం ఆయనదే.

"అట్ట మీద మీ పేరుంది కదా సార్! ప్రతి పేజీ పైనా మళ్లీ ఎందుకు? ఊరి పేరైతే లోపల ఎక్కడా లేదు" అంది వెన్నెల.

"ఎందుకు లేదు? 'కొందరు గిరిజన మహిళలు' అని ముందుమాటలో రాశానుగా."

"కొందరేటి బాబూ?" యర్రమ్మ లేచి నిలబడింది. "ఈ ఇత్తనాలు మా అమ్మలు దాసినవి. పుస్తకం సినిగిపోయి ఒక్క కాయితం ఎక్కడ పడినా, ఇది జీలుగుపుట్టుదని తెలియాల. పేజీపేజీకీ మా ఊరి పేరుండాల. నేకపోతే నా మాటలన్నీ తీసీండి."

భాస్కరరావు చెయ్యి చాపాడు. "ఆ పెన్‌డ్రైవ్ ఇలా ఇవ్వమ్మాయ్. విశాఖలో చేయించుకుంటాను. అప్పుడిక ఏ ఊరూ ఉండదు, ఏ పేరూ ఉండదు."

వెన్నెల పెన్‌డ్రైవ్ పీకి గుప్పిట్లో బిగించింది. ఈ షాపులో ఆమె జీతగత్తె. ఆ సంగతి ఆ నిమిషంలో ఆమెకి గుర్తులేదు. "ఇవ్వను సార్. మామ్మ ఒప్పుకోకుండా ఒక్క పేజీ కూడా ఇక్కణ్ణించి కదలదు."

యర్రమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఆగే గుంటా. ఆ కాయితం అడుగున ఏటుంటాది?"

"ఫుటర్ మామ్మా. పేజీ నంబరు వేస్తాం."

"అదీ అన్నిటికీ పడతాదా?"

"ఒక్కసారి కొడితే చాలు, అన్నిటికీ పడిపోద్ది."

"అయితే పైన బాబుగోరి పేరే ఉండనీ. మాది అడుగున ఎయ్యి."

భాస్కరరావు ఇట్టే చల్లబడ్డాడు. అడుగున ఏముందో చూసేదెవరు? "అదీ పెద్దరికమంటే! పెట్టమ్మాయ్, పెట్టు" అన్నాడు దానం చేస్తున్నవాడిలా.

వెన్నెల కళ్లు తుడుచుకుంటూ పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి, హెడర్‌లో ఆయన పేరు తిరిగి వేసి, ఫుటర్ తెరిచి 'జీలుగుపుట్టు ఆడవాళ్ల మాట' అని కొట్టింది. డెబ్బై పేజీల అడుగునా అది ఒక్కసారిగా వచ్చి కూర్చుంది. యర్రమ్మ తెర దగ్గరికి వంగి, పేజీలు ఒక్కొక్కటే జరిపించుకుని, ప్రతిదాని కిందా వేలు పెట్టి చూసుకుంది. ఆవిడకి చదవడం రాకపోయినా ముఖమంతా వెలిగిపోయింది.

మళ్లీ ఎక్కడ మనసు మార్చుకుంటారోనని భాస్కరరావు దగ్గరుండి ఫైలు ప్రెస్సుకి పంపించి, మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు.

వెన్నెలకి దుఃఖం ఆగలేదు. "ఎందుకు తగ్గావు మామ్మా? నేను కొట్లాడేదాన్ని కదా! ఆయన్ని నెత్తిన ఎక్కించుకుని మీరు కిందకి దిగిపోయారు."

"తగ్గడమేటే పిచ్చిగుంటా?" యర్రమ్మ పకపకా నవ్వింది. "మా ఊరి కూటంలో ముందు మాట కుర్రోళ్లది. ఆళ్లు సెప్పిందంతా ఇని, ఆకర్న పెద్దోళ్లు సెప్పిందే కాయం. పాపం, డెబ్బై పేజీల్లోనూ ఆ బాబుని కుర్రోణ్ణి సేసీసినాం!"