కుప్పమ్మ అరుపులు

"అయ్యయ్యో! ప్రాణం తీస్తావా పాపా?"

కుప్పమ్మ కేకకు క్లాసంతా తిరిగి చూసింది.

గోరును నున్నగా అరగదీస్తున్న వైష్ణవి చేతిలో ఫైలు ఆగిపోయింది.

"మెల్లగానే కదవ్వా చేస్తా ఉండేది!"

"ఇదా మెల్లగా? గోరు పక్కన తోలు లేచిపోయింది, చూడు!"

పక్క టేబుళ్ళ దగ్గర అమ్మాయిలు ముసిముసిగా నవ్వారు. వైష్ణవికి ఒళ్ళు మండిపోయింది.

వేలూరులో గోళ్ళ అలంకరణ నేర్పే చిన్న శిక్షణ కేంద్రం అది. నేర్పేది సురేఖ. ముందు ప్లాస్టిక్ చేతుల మీద, తర్వాత ఒకరి చేతుల మీద ఒకరు. అది వచ్చాక బుధవారం బుధవారం బయటివాళ్ళ చేతుల మీద.

ఉచితం కాబట్టి కాలేజీ అమ్మాయిలు వచ్చేవాళ్ళు. గుడియాత్తం నుంచి బస్సెక్కి వచ్చే ముసలామె మాత్రం కుప్పమ్మ ఒక్కతే.

వచ్చిందంటే నేరుగా వైష్ణవి ముందే కూర్చునేది.

"ఇంతమంది ఉండారు కదా. నా దగ్గరికే ఎందుకొస్తావవ్వా?"

"నీ చెయ్యి బరువు పాపా. అందుకే."

వైష్ణవి పళ్ళు కొరికింది.

ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ కేకలు పడలేక పని మానుకొని వచ్చిన పిల్ల ఆమె. తోలు కుట్టిన చేతులు, మొరటు పట్టు. ఇక జన్మలో ఎవరి అరుపులూ పడనని ఒట్టు పెట్టుకుంది. ఇక్కడికొస్తే ఈ ముసలమ్మ.

పుల్లతో గోరు మొదట్లో చర్మాన్ని వెనక్కి నెడితే అరుపు. ఫైలు కొంచెం పక్కకు జారితే అరుపు. అరిచినంతసేపూ కుప్పమ్మ చూపు మాత్రం తన వేళ్ళ మీదనుంచి కదిలేది కాదు.

ఆ బుధవారం పుల్ల మొన గుచ్చుకుని రక్తపు చుక్క కనిపించింది.

"సంపేసినావు కదే!" కుప్పమ్మ కేక మెట్ల దాకా వినిపించింది.

ఈసారి క్లాసులో అందరూ బయటికే నవ్వారు.

వైష్ణవి పుల్లను టేబుల్ మీద విసిరికొట్టింది.

"చాలవ్వా, ఇంక చాలు! ఈడ ఎవురూ అరవరు, నువ్వొక్కదానివే! ఓసీగా, పైసా ఇయ్యకుండా రంగు పూయించుకొని పోతా, పైగా నన్నే తిడతావా?"

"వాళ్ళు అరవరు పాపా. నోరు మూసుకోని పోతారు, మళ్ళీ రారు. నేను అరుస్తా, మళ్ళీ వస్తా."

"రావద్దు! నీ చేతులు నేనింక ముట్టను. లే, పో!"

కుప్పమ్మ లేచింది. అప్పటికి కొన్ని గోళ్ళకే రంగు పడింది. రక్తం వచ్చిన వేలిని కొంగులో చుట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

గొడవ విని సురేఖ పక్కగదిలోంచి వచ్చింది.

"కుప్పమ్మవ్వ యాడ?"

"పంపించేసినా మిస్."

సురేఖ ముఖం ఎర్రబడింది. "పంపించేదానికి నువ్వెవురు? ఆమె అరిచినప్పుడంతా నీ చెయ్యి యాడ ఉండిందో ఒక్క దినమన్నా చూసుకున్నావా?"

"ఆయమ్మకు నేనంటే పడదు మిస్. అంతే."

తర్వాతి బుధవారం కుప్పమ్మ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

వైష్ణవికి హాయిగా అనిపించింది. కాలేజీ అమ్మాయిలు ఫోన్లు చూసుకుంటూ చేతులిచ్చేవాళ్ళు, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఒకామె మాత్రం మధ్యలో చురుక్కుమనగానే చెయ్యి లాక్కుంది. ఏమీ అనలేదు. మళ్ళీ రాలేదు.

వైష్ణవికి ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

కోర్సు చివర పరీక్ష పెట్టేందుకు చెన్నై నుంచి వచ్చినామె తన చేతినే వైష్ణవి ముందు చాపింది.

వైష్ణవి ఫైలు అందుకుంది. గోరు అంచు దగ్గరికి రాగానే కుప్పమ్మ కేక చెవిలో ముందే వినిపించింది. చెయ్యి దానంతట అదే తేలికైంది. పుల్ల చర్మానికి ఆనబోతుంటే మళ్ళీ అదే కేక. మళ్ళీ అదే తేలిక.

పది వేళ్ళూ పూర్తయ్యాక పరీక్ష పెట్టినామె తమిళంలో అడిగింది.

"నీ చెయ్యి తగిలినట్టే లేదే! ఎవరమ్మా నేర్పింది?"

సురేఖ మిస్ అని చెప్పబోయి వైష్ణవి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ముసలామె మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా తనమీదికే తిరిగింది.

ఆదివారం రంగు సీసాలు సంచిలో వేసుకుని గుడియాత్తం బస్సెక్కింది. మిగిలిపోయిన గోళ్ళు పూర్తిచేసి, కాళ్ళు పట్టుకుందామనుకుంది. సురేఖ చెప్పిన గుర్తులతో అక్కడి నెల్లూరుపేటలో ఇల్లు కనుక్కుంది.

కుప్పమ్మ కోడలు మీనా తలుపు తీసింది.

"ఎవురు కావల్ల?"

"వేలూరులో గోళ్ళ క్లాసు... అవ్వను చూద్దామని..."

"ఓహో, నువ్వేనా ఆ పిల్ల?" మీనా కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు గుర్తొచ్చిందా అవ్వ? పో, లోపలుండాది. చూసుకో."

కుప్పమ్మ చాపమీద గోడకానుకుని ఉంది. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఆ కట్టులో వేళ్ళు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"వచ్చినావా పాపా? పరీచ్చ పాసయినావా?"

వైష్ణవి చాప పక్కన కూర్చుంది.

"పాసయినానవ్వా. చేతికేమైంది?"

"పొయ్యి మీదుండే సట్టిని వట్టి చేత్తో పట్టుకునింది. పుండు ముదిరి వేళ్ళు తీసేసినారు," వెనకనుంచి మీనా చెప్పింది.

వైష్ణవి ఆ కట్టును తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చానా నొప్పిగా ఉండాదా అవ్వా?"

కుప్పమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నొప్పా?" మీనా గొంతు లేచింది. "నొప్పి తెలిసుంటే ఆ సట్టిని అప్పుడే వదిలేసి ఉండదా? షుగరుకు నరాలు చచ్చిపోయి, ఆ రెండు చేతులకూ నిప్పు తగిలినా సూది గుచ్చుకున్నా తెలీక ఏండ్లయిపోయింది!"