కరెంటు పోయినప్పటి ఎత్తు

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఇద్దరమే మిగిలాం: నేనూ, గుంటూరు నుంచి కోచింగుకొచ్చిన విజయశ్రీ. ఫ్యాను కింది మంచం ఎవరిదో తేల్చుకోవడానికి ఆ సాయంత్రం చదరంగం ఆడాం. నా రాణిని ఎరగా వేసి గెలిచాను.

విజయశ్రీ ఒప్పుకోలేదు. "ఆశపడి నీ రాణిని చంపాను గానీ, లేకపోతే తప్పించుకునేదాన్నే!"

"ఎట్ల తప్పించుకుంటవో జర చూపియ్యి."

పావులను మళ్లీ ఆ ఎత్తు దగ్గర పేర్చాం. ఎంత వెతికినా ఆమెకు దారి దొరకలేదు. చీకటి పడింది. అంతలో కరెంటు పోయింది. రోడ్డు మీద ఒక్క బండి చప్పుడు కూడా లేదు. మా ఇద్దరి మధ్య, బోర్డు మీద, టక్‌మని వినిపించింది.

కరెంటు వచ్చేసరికి ఆమె నల్ల గుర్రం తన రాజుకు అడ్డంగా నిలబడి ఉంది. నా గెలుపు చెడిపోయింది.

"నువ్వే జరిపినవ్ గదనే?"

"నేనా? ఆ ఎత్తు నాకు తడితే ఓడిపోయేదాన్నా?" విజయశ్రీ బోర్డుకు దూరంగా జరిగింది. "ఎవరు జరిపినా సరే, మంచం మాత్రం నాదే."

చాలాసేపు ఆలోచించి నా ఏనుగును ముందుకు జరిపాను. తర్వాత లేచి, నేనే లైటు ఆర్పాను.