పదైదేండ్ల పిల్ల

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది లక్ష్మక్క, ఆమె చంకలో పసివాడు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు, తలుపు చాటున కూతురు హులిగెమ్మ.

లక్ష్మక్క మొగుడు హనుమన్న ఆ కోళ్ళను కొనేవాళ్ళ కోసం ఊళ్ళోకి పోయాడు.

ఎల్లుండే సుగ్గికి, అంటే వలసకూలికి ప్రయాణం. సగం ఊరు ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. మళ్ళీ వచ్చేది ఎండలు ముదిరాకే.

అప్పటికి హులిగెమ్మ ఏడో తరగతి పరీక్షలు అయిపోతాయి.

కిందటేడూ ఇంతే. రాయకపోయినా పై తరగతికి పంపారు. రాయని పరీక్ష పాసైనందుకు ఆ పిల్లకు సిగ్గుగా ఉండేది.

ఈసారి మూటలో పుస్తకాలు సర్దుకుంది. లక్ష్మక్క వాటిని తీసేసి ఆ చోట్లో చట్టి పెట్టింది.

హులిగెమ్మ ఆ పుస్తకాల్ని గూట్లో పెట్టేసింది. గట్టిగా మాట్లాడే పిల్ల కాదు.

కూలీలను లారీలో తీసుకుపోయే మేస్త్రీ ముందే చెప్పాడు. దారిలో ఆఫీసర్లు లారీలు ఆపుతున్నారట, పద్నాలుగు నిండని పిల్లల్ని ఎక్కించుకోనన్నాడు. మనుషుల్ని చూసుకోవడానికి తన తరఫున ఒకామె వస్తుందని కూడా అన్నాడు.

అందుకే వాకిట్లో చేతిసంచీతో ఒకామె నిలబడి, పిల్లలెంతమంది అని అడగగానే లక్ష్మక్క మంచం వాల్చింది.

"యా ఊరమ్మా మీది?"

"రోడ్డు మీద ఊరే." ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగింది. "పాపను గూడా తీసుకపోతాండారా?"

"తీసుకపోకుంటే ఎట్లమ్మా?"

"ఎన్నేండ్లు?"

"పదైదు."

తలుపు చాటున హులిగెమ్మ పళ్ళు బిగించింది. తనకు పన్నెండు.

వచ్చినామె ముఖం చిన్నబోయింది.

"పదైదా? అట్లయితే నాతో కాదమ్మా."

లక్ష్మక్కకు ఒళ్ళు మండింది. "ఏం, సన్నగుండాదనా? మా ఇంట్లో అందురూ ఇంతే. మూటలు గూడా ఎత్తుతాది. ఏయ్ హులిగీ, ఇట్ల రా. చేతులు చూపియ్యి."

హులిగెమ్మ వచ్చి చేతులు చాపింది. పత్తి తీసి తీసి గోళ్ళ చుట్టూ చీలిన వేళ్ళు.

ఆమె ఆ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మీరు కోసే కాయలు ఓడలెక్కి యాడయాడికో పోతాయంట తల్లీ. తినేటోళ్ళకు ఈ చేతులు కనపడవు."

"కనపడకుంటే ఏంలే. తొడిమె ఊడకుండా కోస్తాది" అంది లక్ష్మక్క.

ఆమె హులిగెమ్మ వైపు వంగింది.

"నువ్వు చెప్పు పాపా. నీకెన్నేండ్లు?"

నిజం గొంతుదాకా వచ్చింది. కానీ పన్నెండంటే మేస్త్రీ వద్దంటాడు. తాళం వేసిన ఇంటి ముందు తను ఎవరి దగ్గరుండాలి?

"పదైదు" అంది నేలకేసి చూస్తూ.

ఆమె సంచీ తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

లక్ష్మక్క సాయంత్రం దాకా కూతుర్ని తిడుతూనే ఉంది. మాట నమిలి నమిలి చెబితే ఎవరు నమ్ముతారంది. చివరికి హనుమన్న పోయి బతిమాలితే, మేస్త్రీ వివరాలేమీ అడక్కుండా సరేనన్నాడు.

పక్కింటామె తన కూతురు శివజ్యోతికి పదకొండని ఉన్నదున్నట్టు చెప్పిందని తెలిసి లక్ష్మక్క నవ్వింది.

"తెలివిలేని మనిషి. ఇప్పుడా పిల్లను యాడ పెడతాదంట?"

పక్కింటివాళ్ళు ముందురోజే వేరే లారీలో వెళ్ళిపోయారు. ఎక్కేటప్పుడు శివజ్యోతి వాళ్ళతో ఉందో లేదో ఎవరూ చూడలేదు.

అనుకున్న రోజు లారీ బయల్దేరింది. మూటలు, చట్లు, పసిపిల్లలు, పెద్దవాళ్ళ మోకాళ్ళ మధ్య హులిగెమ్మ.

రోడ్డు మీది ఊరిలో ఇంకో నలుగుర్ని ఎక్కించుకోవడానికి మేస్త్రీ లారీ ఆపి, వెనక తలుపు దించాడు. ఎదురుగా చిన్న చర్చి.

చర్చి మెట్ల మీద పిల్లలు కంచాలు ముందర పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో శివజ్యోతి. పక్కన బడిసంచీ.

"నువ్వు పోలేదా జ్యోతీ?"

శివజ్యోతి కంచం పట్టుకునే లారీ దగ్గరికి వచ్చింది.

"మా అమ్మోళ్ళు వచ్చేదాంకా ఈడనే. పద్నాలుగు నిండనోళ్ళను పాస్టరమ్మ పెట్టుకుంటాది. అన్నం పెట్టి, ఈడి బడికి పంపుతాది. పరీక్షలు గూడా ఈడనే."

"పాస్టరమ్మ ఎవురు?"

"మీ ఇంటికీ వచ్చినాది గదా. చర్చి అనంగానే శానామంది తలుపేసుకుంటాండారని, ముందు పిల్లల సంగతే అడుగుతాదంట. నీకు పదైదంట గదా, ఎప్పుడైనాయే?"

లోపల్నుంచి చారుగిన్నె పట్టుకుని ఒకామె మెట్ల మీదికి వచ్చింది. హులిగెమ్మ చేతుల్ని వదలకుండా పట్టుకున్న ఆ మనిషే.

లక్ష్మక్క ఆమెను చూసింది. కూతుర్ని చూసింది. పసివాణ్ణి మొగుడి ఒళ్ళో పడేసి లేచింది.

"దించప్పా నా బిడ్డను. దానికి పన్నెండే. పదైదని నేనే అంటి."

"మీ ఇంటినుంచి ముగ్గురని చేనాయనకు మాటిచ్చినా" అన్నాడు మేస్త్రీ. "రోడ్డు మీద ఆ లెక్కలెత్తొద్దు."

హులిగెమ్మ మోకాళ్ళు దాటుకుని వెనక అంచుదాకా వచ్చింది.

"నాకు పన్నెండే" అని అరిచింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని లారీలో ఎవరికీ తెలియదు.

చర్చి మెట్ల మీద గిన్నె దించేసి పాస్టరమ్మ చేతులు చాపుకుని పరుగున వస్తుండగానే, మేస్త్రీ లారీ వెనక తలుపు ఎత్తి హులిగెమ్మ ముందర గొళ్ళెం బిగించాడు.