మరువం కషాయం

పైడమ్మ గ్లాసు నోటిదాకా ఎత్తిందో లేదో, కోడలు యమున వచ్చి చెయ్యి పట్టేసుకుంది.

"ఆపరేషన్ అయ్యేదాకా మరువం కషాయం బంద్ అత్తా. డాక్టరుగారు మరీ మరీ చెప్పారు."

"నా పెళ్లయినకాణ్నుంచి కడుపుబ్బరానికి ఇదే తాగతన్నాను. ఇది మానీమంతే ఆ ఆపరేషనే నాకొద్దు, పో!"

"దీనివల్ల రక్తం తొందరగా గడ్డకట్టదేమోనని ఆయన భయం."

పైడమ్మ గ్లాసు దించింది. "నీ మందుల షాపులో కూకుని నువ్వేటనీదానివి? ఉత్త ఆకునీళ్లు, దీంతో ఏటీ అవ్వదనీదానివి కాదేటి?"

"మరువం మీద చేసిన చిన్న చిన్న పరీక్షల్లో కొంత గుణం కనబడిందట అత్తా. గట్టిగా ఇంకా తేలలేదు."

"గుణం లేందే ఆపమంతారేటి?"

పైడమ్మ మొహం వెలిగిపోయింది. కషాయం తనే పెరట్లో పారబోసి, గోడవతలికి కేకేసింది. "ఒలే సత్తెమ్మా! నా మరువం మందేనంట! మా కోడలే సెప్పింది!"

"మందని నేననలేదత్తా!"

"అన్లేదులే. ఇలారా."

రెండు రెమ్మలు తుంచి కోడలి జడలో తురిమింది. "ఇలాగెట్టుకుంతే పర్లేదు కదే?"

"దీనికి ఏ డాక్టరూ వద్దనడు" అంటూ యమున నవ్వి, ఇంకో రెమ్మకి తల వంచింది.