ఐదు బాతులు

సాయంత్రం పిట్టల్ని చూడటానికి బైనాక్యులర్ తీసుకుని వెళ్ళిన అక్క, పావుగంటకే తమ్ముడి మోటారు షెడ్డుకు పరుగున వచ్చింది.

"నీ మడిలో తొమ్మిది అడవి బాతులు చచ్చి పడున్నాయి. ఏం పెట్టావురా?"

తమ్ముడు మోటారు ఆపాడు. "చల్లిన విత్తనం చల్లినట్టే ఊడ్చేస్తుంటే ఏం చెయ్యనక్కా? గింజలకి విషం కలిపాను. బయటపడితే జైల్లో పెడతారు. నీకు దణ్ణం పెడతాను, ఎవరికీ చెప్పకు. చీకటి పడేలోగా పూడ్చేద్దాం."

అక్క అవుననలేదు, కాదనలేదు. పొలాల్లో జనం వెళ్ళిపోయేదాకా గంటసేపు ఆగి, పార తీసుకుని ఇద్దరూ చిత్తడి నేల అంచున ఉన్న మడికి చేరేసరికి బాతులు నాలుగే ఉన్నాయి.

"మిగతావి నక్కలు ఎత్తుకుపోయుంటాయి," అన్నాడు తమ్ముడు, పీడా పోయిందన్నట్టు.

అక్క బురదలోకి వంగి చూసింది. "నక్కలు చెప్పులేసుకుంటాయట్రా?"

చెప్పుల అచ్చులు గట్టు దాటి కూలీల ఇళ్ళ వైపు వెళ్ళాయి. అక్కడ అప్పుడే పొయ్యిల పొగ లేస్తోంది.

తమ్ముడు పార అక్కడే పారేసి పరుగెత్తాడు. అక్క వెనకాలే పరుగెత్తింది.

"తినకండి! ఆ బాతుల్లో విషముంది!" అని అరిచాడు తమ్ముడు.

ఐదిళ్ళలోకి దూరి ఐదు కుండలూ బోర్లించాడు. చేతులు బొబ్బలెక్కాయి. అదృష్టం, ఇంకా ఎవరూ ముద్ద నోట పెట్టలేదు.

చివరి ఇంటి ముసలమ్మ నేల మీది కూరను చూసి, అతన్ని చూసింది. "విషమని నీకెలా తెలుసు బాబూ?"

అక్క నోరు విప్పలేదు.

తమ్ముడు ముసలమ్మ ముందు కూలబడ్డాడు.

"పెట్టింది నేనేనమ్మా."