చక్రం వెనక అంకెలు

మా అబ్బాయి జయరాజు పోయిన మూడో నెలలో, వాడు కొని దాచిన పాత స్పోర్ట్స్ కారు చక్రాలు నాలుగూ చూడటానికి ఏలూరు నుంచి ఒకాయన మా చేపల చెరువు దగ్గరికి వచ్చారు. అమ్ముతానని వాడు బతికుండగా ఫోన్‌లో మాటిచ్చాడట.

మా ఆయన మేత బస్తాల వెనక నుంచి వాటిని దొర్లించుకొచ్చారు. ఇవ్వడం నాకు ఇష్టం లేదు. వాడు రోజూ చేత్తో తుడిచినవి అవే మిగిలాయి.

ఏలూరాయన ఒక్కో చక్రాన్నీ బోర్లించి, టార్చి వేసి చూశారు.

"ఈ కారుకి రెండు మూడు రకాల చక్రాలు వచ్చాయండీ. ఏది అసలుదో వెనకాల పోతపోసిన అంకెలే చెప్పాలి. వీటికి ఒక్క అంకె లేదు. డూప్లికేట్లండీ ఇవి."

"మా వాడు చూసుకునే కొన్నాడండీ," అన్నారు మా ఆయన.

"అంకెలున్నాయనే నాతోనూ అన్నాడు. పోయినవాణ్ణి అనకూడదు గానీ, నన్ను మోసం చేద్దామనుకున్నాడండీ మీ అబ్బాయి."

మా ఆయన బస్తా మీద కూర్చుండిపోయారు. ఆయన కూడా నమ్మేశారని ముఖం చూస్తే తెలిసిపోయింది.

నేను ఇంట్లోకెళ్లి, బియ్యం డబ్బా వెనక దాచిన ఆకురాయి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాను. దాని పళ్లలో తెల్లటి పొడి ఇంకా ఉంది.

"అంకెలుంటేనే కొంటారని వాడే నాకు చెప్పాడండీ. నిన్న నేనే ఆ అంకెలు అరగదీసి, గీతలు కనపడకుండా గ్రీజు పూశాను. చక్రాలు పట్టుకెళ్లినా సరే, మానినా సరే. మా వాణ్ణి అన్న ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోండి."