మెయ్ డాక్టరమ్మ వేళ్ళు

వీధికొక నాడి చూసే చీనా యంత్రం వెలిశాక కూడా, విశాఖలో జనం నూకరత్నం గదికే వచ్చేవారు. అక్కడి యంత్రం, నూకరత్నం ఒకప్పుడు సాయంగా ఉన్న చీనా వైద్యురాలు మెయ్ డాక్టరమ్మ చేతిని చూసి నేర్చుకున్నది మరి. గుండెకొక వేలు, కాలేయానికొకటి, మూత్రపిండాలకొకటి. వేలయేళ్ళ నాటి ఆ పద్ధతిలో మూడువేళ్ళూ మణికట్టు మీద ఆనించే ముందు, పోయిన ఆ డాక్టరమ్మలాగే అదీ వాటిని ఒకదానికొకటి రాసుకునేది.

ఆ పొద్దున మెకానిక్ సింహాద్రి వచ్చి ఆ రాసుకోవడం తీసేశాడు.

"దీని వేళ్ళు ఎప్పుడూ ఎచ్చగానే ఉంటాయి గదమ్మా. ఊరికే టైము దండగ."

"మా డాక్టరమ్మవి మంచుగడ్డల్లా ఉండీవి బాబూ," అంది నూకరత్నం. "చల్లటి వేళ్ళు తగిలి మనిషి ఉలిక్కిపడితే నాడి వీణతీగలా బిగుసుకుంటాదంట. అప్పుడది కాలేయం జబ్బో, ఉత్త బెదురో తెలీదనీవారు."

"ఇప్పుడా బెంగ లేదుగా!" అని సింహాద్రి సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఎప్పుడూ వచ్చే ముసలాయన వచ్చి, చిన్న పట్టుదిండు మీద చెయ్యి పెట్టాడు. యంత్రం సూటిగా వేళ్ళు చాచింది.

"ఆగు" అంది నూకరత్నం.

వెచ్చగా ఉన్న ఆ రబ్బరు వేళ్ళను తన రెండు అరచేతుల మధ్యకు తీసుకుని, చలికి కొంకర్లు పోయిన వేళ్ళను రుద్దినట్టు నెమ్మదిగా రుద్దసాగింది.